పదకొండు కన్నాలు

మనిషన్నాక పొదుపుండాలి, కాదనను. కానీ ఎవరో ముసలాయన తల దువ్వుకుని వదిలేసిపోయిన దువ్వెన్ని, పళ్ళ సందుల్లో ఆయన నెరిసిన వెంట్రుకలతో సహా చేతిలోకి తీసుకుని, "ఇంకా గట్టిగానే ఉందే, కడిగి వాడుకుందాం" అనేవాణ్ణి ఏమనాలి? పొదుపరి అనాలా? ఇస్త్రీ అక్క అనలేదు. "యాక్!" అంది. అని, ఆ దువ్వెన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీలోంచి విసిరింది. మొగుడు మెట్లు దిగి వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నాడు.

ఆ మొగుడు మేస్త్రీ, తాపీ పని. ఆవిడది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పని. మొదట్లో ఇస్త్రీ బల్ల దగ్గరుండేది కాబట్టి ఇస్త్రీ అక్క అయింది. ఆ బల్ల వదిలి ఏళ్ళయినా పేరు వదల్లేదు. మేస్త్రీ, ఇస్త్రీ అంటూ ఈ జంటని ఆటపట్టించని వాళ్ళు లేరు. ఇప్పుడు ఆవిడ పనల్లా వాసన చూడటమే. ఉతికి ఆరిన దుప్పట్లు కట్టలు కట్టలుగా ముందుకొస్తాయి, ఒక్కోదానికీ ముక్కు ఆనిస్తుంది. చీమునెత్తురో చెమటో మందో, ఇసుమంత మిగిలినా "వెనక్కి" అంటుంది. ఆ కట్ట మళ్ళీ నీళ్ళలో పడాల్సిందే. యజమాని వచ్చి నెత్తినెక్కి కూర్చున్నా, ఆవిడ ముక్కు వద్దన్న దుప్పటి గేటు దాటదు.

అంత ముక్కున్న మనిషి వచ్చి వచ్చి ఆ ఇంట్లో పడింది.

పద్నాలుగేళ్ళు అద్దె కొంపల్లో కడుపు కట్టుకుని బతికి, ఎట్టకేలకు కొనుక్కున్న సొంతిల్లు. రెండు గదులూ ఓ వంటిల్లూ, మేడమీద. అంతకుముందు ఒంటరి ముసలాయన ఉండేవాడు. ఆయన్ని అన్నకొడుకులు తమ దగ్గరికి తీసుకుపోతూ, "సామాను ఉన్నదున్నట్టు తీసుకుంటారా?" అని అడిగారు. మేస్త్రీ ఎగిరి గంతేశాడు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం ఆయన.

ఇక చూడండి ఆవిడ అవస్థ. పొయ్యి చుట్టూ జిడ్డు ఎంత మందాన పేరుకుందంటే, చాకు పెట్టి గీకితే రొట్టెముక్కలా ఊడొచ్చింది, దాంట్లో రెండు బొద్దింక కాళ్ళు. స్నానాల గది తూములోంచి తీసిన వెంట్రుకల ముద్ద పిల్లికూనంత ఉంది. పరుపు మీద పసుపుపచ్చటి మరకలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. అవన్నీ ఏమిటో దుప్పట్ల మనిషికి వేరే చెప్పాలా? పరుగెత్తుకెళ్ళి కక్కుకుంది. వెనక నుంచి మేస్త్రీ, "తిరగేసి వేసుకుంటే సరి" అన్నాడు. అరిగిపోయిన సబ్బుముక్కలు ఏడో ఎనిమిదో దొరికితే, వాటిని తడిపి పిసికి ఉండచేసి, కొత్త సబ్బు తెచ్చినంత సంబరంగా గూట్లో పెట్టాడు. ఆ ఉండలో ఒక్కో ముక్క ముసలాయన ఒంటి మీద ఎక్కడెక్కడ తిరిగిందో తలచుకుని ఆవిడ పది రోజులు ఒట్టి నీళ్ళతోనే స్నానం చేసింది.

"ఛీ, ఇదేం బతుకయ్యా! ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్ళుంటారని విన్నాగానీ, ఇంకొకళ్ళ మురికితో సంసారం చేసేవాణ్ణి నిన్నే చూశా" అనేది.

"ఇదంతా ఎవరి కోసమే? నా కోసమా?" అనేవాడు మేస్త్రీ. "బుడ్డదాని కోసమేగా!"

ఆ మాట వింటే ఆవిడ మళ్ళీ చీపురు అందుకునేది.

బుడ్డదంటే ఎవరో కాదు. పిల్లలు లేరు వీళ్ళకి. మూడేళ్ళ కిందట అనాథ పిల్లల ఆశ్రమంలో దరఖాస్తు పెట్టుకుంటే, తిప్పగా తిప్పగా ఇప్పటికి ఒక నాలుగేళ్ళ పిల్లని చూపించారు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. వాళ్ళు ఆ పిల్లని మూడుసార్లు వెళ్ళి చూశారు. మూడోసారి అది బిస్కెట్ విప్పి, లోపలి క్రీమంతా శుభ్రంగా నాకేసి, తడితడిగా ఉన్న ముక్క ఇస్త్రీ అక్క నోట్లో పెట్టింది. ఆవిడ తినేసింది. అది ఎంగిలి అన్న సంగతి తిరిగొచ్చేటప్పుడు బస్సులో గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కడుపులో తిప్పలేదు. పక్కనున్న మేస్త్రీకి కనబడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఇక మిగిలింది ఒకే ఒక్కటి, ఇల్లు చూడటం. ఆశ్రమం తరఫున ఒకావిడ, ఎప్పుడూ చంకలో ఫైలు లేకుండా కనబడదు కాబట్టి వీళ్ళిద్దరూ చాటుగా ఫైలమ్మ అని పిలుచుకునే మనిషి, ఫలానా ఆదివారం పిల్లని వెంటబెట్టుకుని వస్తానంది. "ఇల్లు పిల్ల పెరగడానికి పనికొస్తుందంటే అక్కడే సంతకం పెట్టేస్తా. పనికిరాదంటే మాత్రం, ఏమీ అనుకోవద్దు, వరసలో మీ తర్వాత ఇంకా చాలామంది ఉన్నారు" అని ముందే చెప్పేసింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని ఊరికే అన్నారా? ఇరవై రోజుల గడువు పెట్టుకుని ఇస్త్రీ అక్క తోమడం మొదలుపెట్టింది.

ఎలుకల సంగతి అప్పుడే బయటపడింది. వంటింటికీ పడగ్గదికీ మధ్య నీళ్ళ గొట్టాలు పోవడానికి మూరెడు సందు వదిలి, దానికి అటూ ఇటూ ఒంటి ఇటుకతో గోడ కట్టారు ఆ పాతకాలం వాళ్ళు. ఆ సందు ఎలుకల ఊరు. గోడ పొడుగునా కన్నాలు. రాత్రయితే దిగొచ్చి పిండి డబ్బా మూత మీద నల్లటి బియ్యపు గింజల్లా పెంటికలు పెట్టి పోయేవి. ఆవిడ ఆ పిండి పారబోస్తుంటే మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు, "జల్లిస్తే పోయేదానికి!" అని.

"ఎలుకల మందు వేసేవాణ్ణి పిలువు" అంది ఆవిడ.

"తాపీ మేస్త్రీ ఇంట్లో కన్నాలు పూడ్చడానికి ఇంకోడొస్తాడా? పరువు పోతుంది" అన్నాడు.

సాయంత్రం పని దిగేటప్పుడు బస్తాల అడుగున మిగిలిపోయిన సిమెంటు దులిపేస్తారు కదా. దాన్ని రోజూ డబ్బాలో పట్టుకొచ్చాడు. అందులో ఇసుకా, దంచిన సీసాపెంకులూ వేసి మాలు కలిపాడు, కొరికితే ఎలుక మూతి పగిలేలా. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కూర్చుని పదకొండు కన్నాలూ పూడ్చాడు. కన్నాలతో ఆగాడా? పైన గోడంతా నున్నగా పూత కూడా పూశాడు. పనితనం ఉన్నవాడే, అబద్ధం ఎందుకూ! చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడ కన్నం ఉండేదో తెలియలేదు. "చీమ కూడా దూరలేదు" అని తువ్వాలు దులుపుకుని లేచాడు. తాపీపనిలో కొత్త పూతని పచ్చిగా వదిలేస్తే పగుళ్ళిస్తుంది, రోజూ తడపాలి. కాబట్టి మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు తీసుకుని ఆ గోడకి స్నానం చేయించడం మొదలుపెట్టాడు.

అయిదో రోజున కంపు మొదలైంది.

మొదట సన్నగా, ఏదో తీపి మురిగినట్టు. మర్నాటికి చిక్కబడింది. ఆ మర్నాటికి తలుపు తియ్యగానే మొహాన తడిగుడ్డతో కొట్టినట్టు కొట్టింది. ఇస్త్రీ అక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇల్లంతా వెతికింది. ముందు పరుపుని అనుమానించింది. మేస్త్రీ పనికి పోయిన వేళ చూసి చెత్తబండికి ఎత్తించేసింది. కంపు పోలేదు. పరదాలు పారేసింది, సబ్బు ఉండ పారేసింది, ఆ దువ్వెన్ని ఈసారి ముక్కలుగా విరిచి మరీ పారేసింది. ఇంత ఊడ్చి పారేసినా కంపు పోలేదు సరికదా, సామాను అడ్డులేక ఇంకాస్త విచ్చలవిడిగా తిరిగింది. అన్నం ముద్ద నోటి దగ్గరికి వస్తే కంపు కూడా దాంతోపాటు లోపలికి పోయేది. ఆవిడ తిండి మానేసింది.

"ఏం కంపే? నాకేం రావట్లేదే" అనేవాడు మేస్త్రీ, కలిపిన ముద్ద హాయిగా మింగుతూ. "నీది మరీ చోద్యం. ముక్కుతో బతికేదానివి కదాని ఇంటికొచ్చి కూడా డ్యూటీ చేస్తావా? కొత్తవి కొనిపించడానికి వేషాలు కాకపోతే!"

"వేషాలా! ఈ కంపు నీకు రావట్లేదా? నిజంగా?"

"బుడ్డదాని మీద ఒట్టు."

పిల్ల మీద ఒట్టేసి అబద్ధమాడే మనిషి కాదే! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం.

శుక్రవారం సెలవు పెట్టుకుని, దుప్పటి కట్టల్ని చూసినట్టే ఇంటిని వరసగా చూసుకుంటూ వచ్చింది. తలుపు దగ్గర మొదలుపెట్టి, మూల మూలకీ వంగి, ఆఖరికి ఆ నున్నటి గోడకి ముక్కు ఆనించింది. పొద్దున్నే మొగుడు తడిపిపోయిన తేమ ఇంకా ఉంది. గుప్పుమంది. దబ్బున వెనక్కి తిరిగి గుమ్మంలోనే డోక్కుంది. మూతి తుడుచుకుంటూ ఆ గోడ వంక చూస్తే అప్పుడు అర్థమైంది ఆవిడకి, ఎలుకలు పగలు ఎక్కడుంటాయో.

సాయంత్రం మేస్త్రీ గడప దాటీ దాటకముందే అడిగింది. "చీమ కూడా దూరలేదన్నావు. బయటికి రావడం సంగతి ఆలోచించావా?"

"ఏం బయటికి?"

"మిట్టమధ్యాహ్నం పూడ్చావు కదయ్యా! అవి అప్పుడు లోపల పడుకునుంటాయా, బజారుకెళ్ళి ఉంటాయా? కొండను తవ్వి ఎలుకను పట్టేవాళ్ళ గురించి విన్నాను. గోడ కట్టి ఎలుకల్ని దాచిపెట్టినవాడివి నువ్వొక్కడివే. దాచిపెట్టి, రెండు పూటలా నీళ్ళు పోసి మురగబెడుతున్నావు కూడా!"

మేస్త్రీ మొహం ఒక్క క్షణం వాడింది. అంతలోనే బిగుసుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "నాకు వాసనే రావట్లేదంటుంటే ఎలుకలంటావేంటి? వచ్చినా నాలుగు రోజులకి ఎండిపోతుంది."

"ఆదివారం ఫైలమ్మ వస్తుంది."

"అందుకేనే బాబూ! గోడ బద్దలుకొట్టి చూపిస్తావా ఆవిడకి? ఇల్లు కూలిపోయేలా ఉందని రాసుకుపోతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకున్నట్టుంది నీ వరస."

శనివారం ఆవిడ సుత్తి తీసింది. మేస్త్రీ గోడకి వీపు ఆనించి, చేతులు బారచాపి నిలబడ్డాడు. "నా మీద నుంచి కొట్టు" అన్నాడు. కొట్టేదే, ఆ కోపం అలాంటిది. కానీ పగిలిన గోడ చూసి సంతకం పెట్టకపోతే? ఆ తప్పు జన్మంతా తన నెత్తినే ఉంటుంది కదా! ఆవిడ సుత్తి కింద పెట్టేసింది. పెట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. కిటికీలన్నీ బార్లా తెరిచి, నేలని మూడుసార్లు కడిగి, ఆ రాత్రి మెట్ల మీద చాప వేసుకుని పడుకుంది.

ఆదివారం పదింటికి ఫైలమ్మ వచ్చింది, వేలు పట్టుకుని బుడ్డది. కొత్త చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కింది. ఇస్త్రీ అక్కని చూసి నవ్వింది. నవ్వుతూ గడప దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. రెండు చేతులూ ముక్కు మీద పెట్టుకుంది.

"ఛీ! కంపు!"

ఇస్త్రీ అక్క పిల్లకి అందించబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం లేదు కన్నా, కొత్త గోడ చెమ్మ వాసన. రా, రా" అన్నాడు మేస్త్రీ ఇంత మొహం చేసుకుని. పిల్ల రాలేదు. ఫైలమ్మ కొంగు ముక్కుకి పెట్టుకుని తను మాత్రం లోపలికొచ్చింది. రెండు గదులూ చూసింది. అద్దంలా మెరుస్తున్న నేల చూసింది, పిల్ల కోసం కుట్టిన చిన్న దుప్పటి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మెచ్చి కాదు, కంపుకి.

"ఏమయ్యా, ఇంత కంపులో ఎలా ఉంటున్నారు మీరు?"

"ఏ కంపు మేడమ్? నాకేం..."

ఇస్త్రీ అక్క మొగుడి మొహంలోకి చూసింది. ఊపిరి నిండా పీల్చుకుంటున్నాడు. ముక్కుపుటం కూడా ముడుచుకోలేదు. దుప్పట్లు చూసే మనిషి కదా, ఆవిడకి ఒక్కసారిగా తెలిసిపోయింది. "నీకు అసలు వాసనే తెలీదు కదూ" అంది మెల్లగా.

మేస్త్రీ తలొంచుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడేళ్ళు. సున్నం, రంగుల్లో కలిపే నూనెలు... ముందు తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది. నీతో ఎలా చెప్పను? ముక్కుతో బతికేదానివి, నవ్వుతావేమోనని."

ఏడేళ్ళు! పొయ్యి మీద కూర ఉడుకుతుంటే వెనకొచ్చి నిలబడి, "ఆహా, ఏం ఘుమఘుమ" అన్నాడే రోజూ! అదంతా ఉత్తిదేనా? ఆ ముసలాయన పరుపు, ఆ సబ్బు ఉండ, ఆ దువ్వెన, అవన్నీ ఈయనకి కంటికి కనబడే వస్తువులే తప్ప మరేం కావన్నమాట. ఆవిడకి జాలి వేసింది. జాలికి రెండింతలు ఒళ్ళు మండింది. "నీకు ముక్కు లేకపోతే లేదు. నా ముక్కు మాటైనా వినాలా వద్దా?" అని అరిచింది, వచ్చినావిడ ముందే.

ఫైలమ్మ ఫైలు మూసింది. "మీ గొడవ మీరు చూసుకోండమ్మా. ఇవాళ సంతకం పెట్టలేను. పిల్ల గడపే దాటనంటుంది."

"మీ బస్సు ఎన్నింటికి?" అంది ఇస్త్రీ అక్క.

"ఇంకో గంటకి."

"ఆ గంట నాకివ్వండి. మెట్ల మీద గాలొస్తుంది, కూర్చోండి." మొగుడి వైపు తిరిగి సుత్తి చేతికిచ్చింది.

మేస్త్రీ కొట్టాడు. తను రాసిన నున్నటి పూతని తనే పగలగొట్టాడు. గాజుపెంకులు ఎగిరి చేతులకి గుచ్చుకున్నాయి, తన మాలు అంత గట్టిది మరి. ఆవిడ ఎక్కడ ముక్కు ఆనించి "ఇక్కడ" అంటే అక్కడ కొట్టాడు. మూడో చోట ఒకటి దొరికింది, తోకపట్టి లాగితే తోక మాత్రమే వచ్చింది. అయిదో చోట గొట్టం వెనక గూడు. గుడ్డపేలికల మధ్య తల్లి, దాని పొట్టకి కరుచుకుని ఆరో ఏడో పిల్లలు, అన్నీ కలిసి ఒకే ముద్దయి, ఆ ముద్దంతా తెల్లగా కదులుతోంది. మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాసన రాకపోయినా కళ్ళున్నాయి కదా! "అయ్యో, పిల్లలే" అన్నాడు. ఇస్త్రీ అక్క బకెట్టు దగ్గరికి లాక్కుంది. చేతికి సంచి తొడుక్కుని, పళ్ళు బిగబట్టి, ఆ ముద్దని వేళ్ళతో గోడకి అంటకుండా తీసి బకెట్లో వేసింది. మూడుసార్లు డోకొచ్చింది, మూడుసార్లూ మింగింది. బకెట్టు మేస్త్రీ కిందకి మోసుకుపోయి పారబోసి వచ్చాడు. ఆవిడ సందులో ఫినాయిలు కుమ్మరించింది, వేణ్ణీళ్ళు కొట్టింది.

గంటయింది. ఫైలమ్మ మెట్ల మీద నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. పీల్చి చూసింది, తల అడ్డంగా ఊపింది. "నా ముక్కు ఇందాకటి కంపుతోనే మొద్దుబారిపోయిందమ్మా. ఉందో పోయిందో నాకు తెలీట్లేదు. ఈ బుడ్డదాన్ని అడుగుదామంటే ముక్కు మీద చెయ్యి తియ్యడం లేదు. వాసనలు చూడటమే మీ పని అన్నారుగా, మీరే చెప్పండి. పోయిందంటే ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

కలం మూత తీసి పట్టుకుంది.

మేస్త్రీ పెళ్ళాం వంక చూశాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, చేతుల మీద నెత్తుటి చారలు. నోరు తెరవకుండానే బతిమాలుతున్నాడు. ఒక్క మాట, 'పోయింది' అంటే చాలు. ఎవరు పట్టుకుంటారు? ఆ ఇంట్లో ఇప్పుడు పనిచేస్తున్న ముక్కు ఆవిడదొక్కటే.

ఇస్త్రీ అక్క గోడ దగ్గరికి వెళ్ళింది. వంగింది. కిందుగా, గొట్టం మలుపు దగ్గర, సుత్తి ఇంకా పడని చోట, ముక్కు ఆనించింది. ఒకసారి చాలక రెండోసారి పీల్చింది.

"పోలేదండీ" అంది. "లోపల ఇంకా ఉంది."

మేస్త్రీ గోడవారన కూలబడ్డాడు. ఫైలమ్మ ఆవిణ్ణి ఒక నిమిషం చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, కలం మూత పెట్టేసింది. "పైవాళ్ళకి ఏం చెప్పాలో నేను చెప్పుకుంటాను. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తా. అప్పుడు కూడా మిమ్మల్నే అడుగుతా" అంది. పిల్ల చెయ్యి పట్టుకుంది.

బుడ్డది కదల్లేదు. ముక్కు మీద చెయ్యి అలాగే ఉంచుకుని, గుమ్మం అవతల నుంచే ఇస్త్రీ అక్కని అడిగింది. "మరి నేను ఎప్పుడు రావాలి?"

ఇస్త్రీ అక్క గుమ్మం దాకా వచ్చి ఆగింది. చేతులు మురికిగా ఉన్నాయి, పిల్లని ముట్టుకోలేదు కూడా. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటే ఆ కొంగు కూడా కంపే. "కంపు పోగానే తల్లీ" అంది ఎలాగో.

చెప్పులు టపటపమంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాయి. వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆవిడ వెనక్కి తిరిగింది. ఇప్పుడు మొగుడు నోటికొచ్చినట్టు తిడతాడు, తిట్టనీ, అనుకుంది.

మేస్త్రీ సుత్తి పుచ్చుకుని లేచి నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ కొట్టమంటావు?" అన్నాడు.